ఏట్లో కాలు పెట్టని సలహాదారు

దుకాణం చేతికొచ్చిన రోజున అతని దగ్గరున్న సరుకు ఇదీ: మూలన బీట పడిన అద్దాల బల్ల, గోడకి వరసగా ఆనించిన గాలపు కర్రలు, చిన్న చిన్న అరల్లో చేపకి ఎరగా ఈకలూ దారాలూ చుట్టి కట్టిన ఉత్తుత్తి ఈగలు, తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లు కొన్ని. వీటన్నిటి మీదా మామగారు ఊరంతా చాటిన అబద్ధం ఒకటి.

"మా అల్లుడి చేతి ముందు నాదెంత? అతను దారం విసిరితే చేప తనంతట తానే వచ్చి, బుట్టలోకి ఎప్పుడు రమ్మంటారని అడుగుతుంది" అని మోకాళ్ళ నొప్పులతో దుకాణం వదులుకుంటూ ఆయన చెప్పారు.

మిగతా సరుకుకి ఏదో ఒక విలువ కట్టొచ్చు. ఈ అబద్ధానికి కట్టడం మాత్రం అతని వల్ల కాలేదు. లాభమో నష్టమో తేలకుండా అది దుకాణంలోనే ఉండిపోయింది.

నిజానికి అతను కింద పట్నంలో బొత్తాలూ దారపు ఉండలూ అమ్ముకున్న మనిషి. గాలపు కర్ర పట్టింది లేదు, ఈత రాదు. నీళ్ళు చీలమండ దాటితే ప్రాణం గొంతులోకొస్తుంది. అయితే వ్యాపారి కాబట్టి వచ్చిన వారం రోజుల్లోనే ఒక సంగతి కనిపెట్టాడు. కొండల్లోకి చేపల వేటకని వచ్చేవాళ్ళు కొనేది ఒక దారం, అడిగేది పది ప్రశ్నలు. ఏ మడుగు? ఏ ఈగ? ఏ పూట? వాళ్ళకి కావలసింది సలహా. దారం కొనేది మొహమాటానికి.

సలహా లేనివాడు సలహా ఎలా అమ్ముతాడు? ఎక్కడో ఒకచోట కొనాలి. అతను సాయంత్రం కొని, పొద్దున అమ్మడం మొదలుపెట్టాడు. వేట ముగించుకుని తడి బట్టలతో తిరిగొచ్చే వాళ్ళని దుకాణంలోకి పిలిచి వేడి టీ ఇచ్చేవాడు. పొయ్యి పక్కన బూట్లు ఆరబెట్టుకోనిచ్చేవాడు. వాళ్ళు చెప్పుకుంటుంటే వినేవాడు. చేపలు పట్టేవాళ్ళు అబద్ధాలాడతారని అతనికి ఎవరూ నేర్పనక్కర్లేదు. బొత్తాల బేరంలో అంతకంటే పెద్దవాళ్ళనే చూశాడు. చెప్పిన చేప పొడుగులోంచి కొంత కోసేసేవాడు. చెప్పిన చోటు నమ్మకుండా బూట్లు చూసేవాడు. ఎగువ లోయకి వెళ్ళినవాళ్ళ బూట్లకి నల్ల ఇసుక, దిగువకి వెళ్ళినవాళ్ళకి పసుపు బురద. పెట్టెలో ఏ ఈగ చేప పళ్ళకి చింపిరయిందో ఓరకంట కనిపెట్టేవాడు. బాగా దొరికినవాడు మడుగు పేరు మింగేస్తాడు. ఏమీ దొరకనివాడు మాత్రం కోపంలో నిజం కక్కేస్తాడు, అందుకని వాళ్ళకి టీలో చక్కెర ఎక్కువ.

పొద్దున్నే అదంతా కలిపి కొత్తవాళ్ళకి చెప్పేవాడు. "ఎండెక్కితే పైన మంచు కరిగి ఏరు పాలు కలిపినట్టయిపోతుంది, చేపకి ఈగ కనపడదు. మధ్యాహ్నంలోపు ముగించుకోండి. చుక్కల ట్రౌట్ చేప ఎప్పుడూ ఎగువకి మొహం పెట్టుకుని ఉంటుంది, కాబట్టి దిగువ నుంచి, దాని వెనకాల నుంచి నడవండి. మీ నీడ నీళ్ళమీద పడిందా, ఇక ఇంటికొచ్చేయండి. ఇవాళ పెద్ద ఈగలొద్దు, నల్లటి చిన్నవి తీసుకోండి. ముందు ఒక రాయి తిరగేసి దాని కింద ఏ పురుగుందో చూడండి, దానికి దగ్గరగా ఉన్నది కట్టండి."

ఆ సలహా ఎవరికీ తప్పు పోలేదు. పేరొచ్చింది. పేరొచ్చిన కొద్దీ మామగారి అబద్ధం బరువెక్కింది.

వంతెనకి అవతలి పక్క ఇంకో దుకాణం ఉంది. అది అతని భార్యకి పెదనాన్న కొడుకుది. గుబురు మీసాలు, వాటి చివర్లు పైకి తిప్పి ఉంటాయి. ఊరంతా మీసాలాయన అంటుంది, ఇతను బావా అంటాడు, ఆయనా ఇతన్ని బావా అనే అంటాడు. బావ అసలైన వేటగాడు. దారం విసిరితే గాలిలో రాత రాసినట్టుంటుంది. ఆ చెయ్యి చూసినప్పుడల్లా ఇతను గబగబా దుకాణంలోకొచ్చి అరలు సర్దుకునేవాడు.

ఈ రెండు దుకాణాల మీదకీ ఒక చిక్కు వచ్చిపడింది. కొండ మీద పెద్ద విడిది ఉంది. దాన్ని నడిపే పెద్దావిడ తెల్లజుట్టు మనిషి, మొహమాటం ఎరగదు. ఇన్నాళ్ళూ అతిథుల్ని రెండు దుకాణాలకీ పంపేది, ఈ ఏడాది నుంచి అందరినీ ఒకే దుకాణానికి పంపుతానంది. సామానూ అక్కడే, సలహా అక్కడే. ఆవిడ అతిథులు రాకపోతే ఇతని దుకాణం చలికాలం దాకా లాగదు. అది బావకీ తెలుసు, ఇతనికీ తెలుసు.

ఒక సాయంత్రం ఆవిడ ఇతని దుకాణంలోకొచ్చేసరికి బావ కూడా అక్కడే ఉన్నాడు, చెల్లెలిని చూసిపోదామని వచ్చానంటూ. ఆవిడ అరలన్నీ చూసింది, ఈగల్ని చూసింది, చివరికి ఇతన్ని చూసింది.

"సామాను సంగతి సరే. రేపు పొద్దున ఏటికి పోదాం, ముగ్గురం. నీ మామగారు చెప్పిన చెయ్యేదో చూడాలి కదయ్యా."

బావ మీసం సవరించుకుంటూ, "అవునమ్మా, మా బావ విసరడం నేనూ ఇంతవరకూ చూడలేదు. చూసే భాగ్యం కలిగిస్తే అంతకంటేనా!" అన్నాడు.

"ఆ... తప్పకుండా" అని ఇతను నీళ్ళు నమిలాడు.

వాళ్ళు వెళ్ళగానే మామగారు పెరట్లో కుర్చీ వేయించుకున్నారు. గోడ మీదున్న తన పాత కర్ర తెప్పించారు. "ఏముంది, ఒక్క పూట పని" అన్నారు ధైర్యంగా.

"మణికట్టు తిప్పకు. మోచెయ్యి. వెనక్కి తీసుకెళ్ళావా, అక్కడ ఆగు. దారం వెనకాల పూర్తిగా చాచుకునేదాకా ఆగు. తొందరపడితే ముందుకి రాదు, నీ మెడకే చుట్టుకుంటుంది."

మొదటిసారి మెడకే చుట్టుకుంది. రెండోసారి తీగ మీద ఆరేసిన దుప్పటి ఈగకి చిక్కింది. భార్య గుమ్మంలో నిలబడి నవ్వు ఆపుకోలేకపోయింది.

"నాన్నా, ఇంత పెద్ద చేప మీరెప్పుడైనా పట్టారా?"

"నువ్వు లోపలికెళ్ళు తల్లీ, మేం పనిలో ఉన్నాం."

"ఆయన చెయ్యి తెగకుండా చూడండి, చాలు." దుప్పటి విడిపించుకుంటూ భర్త దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "ఉన్న మాట చెప్పేయొచ్చు కదా?"

"చెబితే మీ నాన్న మొహం ఏమవుతుంది?"

"మా నాన్న మొహం సంగతి మా నాన్న చూసుకుంటాడు. మీ మొహం చూసుకోండి, పాలిపోయింది."

అతను లెక్క వేసుకున్నాడు. నిజం చెబితే దుకాణం పోతుంది. చెప్పకపోతే దుకాణం ఉండొచ్చు. ఎక్కడైనా గట్టెక్కే చాన్సుంటే వ్యాపారి అటే మొగ్గుతాడు. ఇతనూ అటే మొగ్గాడు. దుప్పటి చిరుగు భార్యకి వదిలేసి మళ్ళీ కర్ర ఎత్తాడు.

పొద్దున ఏరు చల్లగా ఉంది. రాళ్ళ మీద పల్చగా మంచు. బావ ముందు దిగాడు. నీళ్ళని కదపకుండా, అడుగులు ఎత్తకుండా పాదాలు ఈడ్చుకుంటూ పోయి ఒక బండ వెనకాల నిలబడ్డాడు. దారం వెనక్కి పోయింది, ఆగింది, ముందుకొచ్చి ఈగని నీటి మీద దూది పింజలా దించింది. కాసేపటికి ఒక చుక్కల చేప గిలగిల్లాడుతూ వచ్చింది. బావ ముందు చెయ్యి తడుపుకుని అప్పుడు దాన్ని పట్టుకున్నాడు, పొడి చేతికి దాని పొర ఊడిపోతుందని. చూపించి, వదిలేశాడు.

"ఇక నువ్వు బావా."

ఇతను మామగారి బూట్లలోకి దూరాడు. అవి ఒక సైజు పెద్దవి, నడుస్తుంటే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయి. ఒడ్డుకి దగ్గరగా, పిల్లలు ఆడుకునేంత నీళ్ళలో నిలబడ్డాడు. వెనక్కి విసిరాడు. ఆగమన్న మాట గుర్తుంది, ఎంతసేపు ఆగాలో గుర్తు లేదు. ఆగుతూనే ఉన్నాడు. ఈగ వెనకనున్న చెట్టుకొమ్మని గట్టిగా పట్టుకుంది. ముందుకి లాగాడు. కొమ్మ వంగింది, దారం తెగింది, ఇతను నీళ్ళలో కూలబడ్డాడు.

"గాలి" అన్నాడు లేవకుండానే.

ఆకు కదలడం లేదు. బావ మొహం పక్కకి తిప్పుకున్నాడు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెద్దావిడ మాత్రం నవ్వలేదు. చెయ్యందించి లేవదీసింది.

"పోనీలే. గాలి ఉన్నచోట పని కాదు. అవతలి ఒడ్డున కొండ చాటుంది, చేపలూ అక్కడే ఎక్కువంటారు." వేలుతో చూపించింది. అక్కడ ఏరు వెడల్పుగా, నురగ లేకుండా, నున్నగా పోతోంది. "ఇక్కడ దాటొచ్చా? నువ్వు చెప్పు. నీ మాట మీద నేనే ముందు దిగుతాను."

నిన్న సాయంత్రం పొయ్యి దగ్గర ఇద్దరు చెప్పారు, ఆ రేవులో మోకాలి లోతని. ఇద్దరూ వేర్వేరుగా వచ్చారు, ఇద్దరి బూట్లకీ ఆ గట్టు మట్టే. అతని కొలతల ప్రకారం అది నమ్మదగిన సరుకే. "నిక్షేపంగా దాటొచ్చమ్మా" అంటే అయిపోతుంది. చెయ్యి తిరగకపోయినా ఏటి మనిషేనని పేరు నిలబడుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

అతను నీళ్ళు చూశాడు. నిన్నటిదాకా ఆకుపచ్చగా ఉందని చెప్పుకున్న ఏరు ఇవాళ కొంచెం బూడిద రంగులో ఉంది. నిన్న పైన ఎండ బాగా కాసింది. మంచు కరిగిందన్నమాటే, దానికి ఇక్కడ లోతెంత పెరిగిందో మాత్రం అతనికి తెలియదు. ఇంతవరకూ అతను అమ్మిన మాటల్లో ఏది తప్పినా ఎవడో ఖాళీ బుట్టతో తిరిగొచ్చేవాడు, అంతే. ఈ మాట తప్పితే పోయేది బుట్ట కాదు. ముందర నిలబడ్డ ఈ తెల్లజుట్టు మనిషి.

అంతే, అతని లెక్క అక్కడికక్కడే తిరగబడింది.

"అమ్మా, దిగొద్దు. నిన్న మోకాలి లోతన్నారు, కానీ అది ఎవరో అన్న మాట. నీళ్ళ రంగు మారింది. నేనీ యేరు ఎప్పుడూ దాటలేదు. ఇది కాదు, ఏ యేరూ దాటలేదు." ఒకసారి నోరు తెరిచాక మిగిలింది దానంతటదే వచ్చేసింది. "అసలు నాకు గాలం పట్టడమే రాదమ్మా. ఈత కూడా రాదు. మా మామగారు చెప్పింది నిజం కాదు. నేను బొత్తాలమ్ముకునేవాణ్ణి."

అయిపోయింది, దుకాణం మూసేయొచ్చు అనుకున్నాడు. విచిత్రం ఏమిటంటే బట్టలు తడిసి ముద్దయి పళ్ళు కొట్టుకుంటున్నా గుండె మాత్రం ఎన్నాళ్ళ తర్వాతో తేలిగ్గా కొట్టుకుంటోంది.

బావ ఒక పొడుగాటి కర్ర తీసుకుని రేవులోకి దిగాడు. ఈడ్చుకుంటూ మూడు నాలుగు అడుగులు వేశాడు. కర్ర ముందుకి గుచ్చాడు. అది చేతి దాకా దిగిపోయింది. ఆయన ఆగి, నెమ్మదిగా వెనక్కొచ్చాడు. మీసాల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"నడుం దాటి ఉందమ్మా. కింద రాళ్ళు కూడా జరిగాయి. నేనే దాటను."

పెద్దావిడ అప్పుడు ఒక రాయి చూసుకుని కూర్చుంది. ఫ్లాస్కు మూత తీసి ముందు ఇతనికే పోసింది.

"ముందు ఇది తాగు, వణికిపోతున్నావ్. నీకు గాలం రాదని నాకెప్పుడో తెలుసయ్యా."

"తెలుసా?"

"దారం చుట్టే రీలు తలకిందులుగా పట్టుకుని అమ్ముతావంట. మా అతిథులు ఒక్కొక్కరే వచ్చి చెప్పి నవ్వుకున్నారు."

అతను బావ వైపు చూశాడు. బావ బూటు వంచి నీళ్ళు పారబోసుకుంటూ, "పెళ్ళి మర్నాడే తెలుసు బావా నాకు. ఏటిగట్టు మీద నడిపించాం కదా, నువ్వు మా చెల్లెలి చెయ్యి పట్టుకుని నడిచావు. అందరూ ప్రేమనుకున్నారు. నేను నీ మొహం చూశాను" అన్నాడు.

"మరి మామగారు అన్న మాట?"

"మా బాబాయి మాట ఈ ఊళ్ళో నమ్మిందెవరు? ఆయన పట్టానన్న చేపలన్నీ ఒడ్డున వేస్తే ఊళ్ళో ఇళ్ళకి చోటుండదు."

అతనికి నవ్వు రాబోయి దగ్గొచ్చింది. ఇన్నాళ్ళూ తను గుడ్డ కప్పి దాచిన సరుకుని ఊరంతా తీరిగ్గా చూస్తూనే ఉందన్న మాట!

"తెలిసీ నా దగ్గరికి ఎందుకు పంపేవారమ్మా?"

"చెబుతా విను. ఈ మీసాలాయన దగ్గరికి పంపితే మావాళ్ళు ఖాళీ చేతులతో వచ్చేవాళ్ళు. నీ దగ్గరికి పంపితే నవ్వుకుంటూ వచ్చేవాళ్ళు. ఎందుకో కొన్నాళ్ళకి అర్థమైంది. పట్టేవాడికి తన మడుగు తనకి ముద్దు. రెండో రకం చోటు చూపించి పంపేస్తాడు. నీకు దాచుకోవడానికి మడుగే లేదు. ఉన్నదంతా చెప్పేస్తావు. ఏమయ్యా, కాదంటావా?"

ఆవిడ చివరి మాట బావని అడిగింది. ఆయన మీసం చివర నోట్లో పెట్టుకుని కొరుక్కున్నాడు.

"వాలిన బండ కింద ఒక్క మడుగమ్మా. ఒక్కటే. దాన్ని కూడా చెప్పేస్తే నేనెక్కడికి పోవాలి?" ఆ గొంతులో పోటీదారు లేడు, ఆట బొమ్మ లాక్కుంటారేమోనని భయపడే పిల్లాడున్నాడు.

"అన్నీ తెలిసినప్పుడు మరి ఇవాళ ఈ నాటకమెందుకమ్మా? నా ప్రాణం తోకకొచ్చింది" అన్నాడు ఇతను.

ఆవిడ ఏటి వైపు చూసింది. "పోయినేడు ఇదే రేవులో మా అతిథి ఒకాయన కొట్టుకుపోయాడు."

ఇతను టీ పక్కన పెట్టేశాడు. "నా మాట మీదా?"

"కాదు, కాదు. మీ ఇద్దరిదీ కాదు. వంతెన మీద ఎవరో దారిన పోయే వేటగాడు, ఎప్పుడో నీళ్ళు తగ్గిన చలికాలంలో ఒకసారి దాటాడట. ఇప్పుడెలా ఉందో తెలియదని చెప్పడం నామోషీ అనిపించింది కాబోలు. మావాడు చెట్టు వేరు పట్టుకుని బతికిపోయాడు. అప్పటి నుంచీ నాకు ఒకటే బెంగ. నీకు గాలం రాదు, సరే. తెలియనిది తెలియదని నీ నోట వస్తుందా, రాదా? దుకాణంలో పొయ్యి పక్కన అడిగితే ఎవడైనా వస్తుందనే అంటాడు. ఇక్కడ అడగాలి." మూత బిగించింది. "వచ్చింది. మావాళ్ళు నీ దగ్గరికే వస్తారు."

ఆ క్షణాన అతను ఊపిరి వదిలిన తీరుకి బావ ఉలిక్కిపడి చూశాడు.

వ్యాపారి బుర్ర తడిసినా పని చేస్తుంది. లేస్తూ లేస్తూ బావ మొహం చూశాడు. మీసాలు వాలిపోయి ఉన్నాయి. ఆ దుకాణం మూతపడితే తనకేం మిగులుతుంది? ఏటి మీద చూపున్న మనిషి ఒకడు తగ్గుతాడు, భార్య మొహం మాడుతుంది. అది లాభం కాదు.

"అమ్మా, ఒక్క మాట. సలహా నేనిస్తాను. కానీ వచ్చేవాళ్ళలో సగం మందికి నాలాగే విసరడం రాదు. వాళ్ళకి చెయ్యి నేర్పడానికీ, రోజూ పొద్దున రేవులు గుచ్చి చూసి రావడానికీ మనిషి కావాలి. అది మా బావ తప్ప ఎవరివల్లా కాదు. ఆ పని ఆయనకివ్వండి."

"మరి ఆయన మడుగు?"

"ఏ మడుగమ్మా? నేనేం వినలేదు. నా బూట్ల నిండా నీళ్ళు, చెవుల నిండా నీళ్ళు."

పెద్దావిడ మొదటిసారి పగలబడి నవ్వింది. బావ వచ్చి తడి చేత్తో భుజం మీద ఒక్కటిచ్చాడు. అది అభినందనే కాబోలు, నొప్పి మాత్రం బాగానే పుట్టింది.

ఇంటి దగ్గర మామగారు గుమ్మంలోనే ఎదురయ్యారు. "ఎలా విసిరావు?"

"చెట్టుకి విసిరాను మామయ్యా. ఉన్న మాట చెప్పేశాను."

ఆయన తడిసిన కర్ర అందుకుని గోడకి ఆనించారు. తర్వాత, "చెట్టు ఎంత పొడుగు?" అని అడిగారు ఆశగా. భార్య పొడి తువ్వాలు అతని తల మీద వేసి గట్టిగా తుడవడం మొదలుపెట్టింది. మొహం రంగు తిరిగొచ్చిందో లేదో తువ్వాలు తీసి మరీ చూసుకుంది.

సాయంత్రం విడిది నుంచి మొదటి అతిథి దిగొచ్చాడు. ఎగువ లోయలో రేపు ఎలా ఉంటుందని అడిగాడు. అక్కడి నుంచి ఆ రోజు ఎవరూ తిరిగి రాలేదు, నల్ల ఇసుక అంటిన బూటు ఒక్కటీ కనపడలేదు.

"తెలియదండి" అన్నాడు అతను. నాలుకకి కొత్తగా ఉంది. "రేపు పొద్దున మా బావ చూసొస్తాడు. రేపు ఇక్కడ దగ్గర్లో విసరడం నేర్చుకోండి, ఎల్లుండి లోయ సంగతి చెబుతాను."

అతిథి సరేనన్నాడు. ఇంకో రోజు ఉండేటట్టయితే బూట్లు కూడా కావాలన్నాడు.

దుకాణం కట్టేసేముందు అతను ఆ రోజు లెక్క మనసులోనే తేల్చుకున్నాడు. పోయినవి: కొమ్మకి చిక్కిన ఈగ ఒకటి, దుప్పటి ఒకటి, ఊరికి తన మీద ఉందనుకున్న ఒక భ్రమ. ఆ భ్రమ ఊరికి ఎప్పుడూ లేదు కాబట్టి దాన్ని నష్టంలోంచి కొట్టేశాడు. వచ్చినవి: విడిది అతిథులంతా, వంతెన అవతలి పోటీ పోయి దాని బదులు ఒక బావ, తెలియదన్న మాటకి అమ్ముడుపోయిన బూట్ల జత. ఖర్చులన్నీ పోను, తేలిక పడ్డ ఒక గుండె నికరంగా మిగిలింది.